యజమానుని పనిమీద వెళ్లినవాడు – ఉచితముగా వచ్చిన విందు

పాఠ్యభాగములు: ఆదికాండము 24; రాజులు రెండవ గ్రంథము 5:15–27; సామెతలు 23:1–3; లూకా 16:10–12.
కంఠస్థము చేయవలసిన వచనము: లూకా 16:12.



ఈ నెల పాఠమును చూచి, ‘జూదశాలల సంగతి మన పల్లె సంఘమునకు ఎందుకు?’ అని కొందరు అడుగవచ్చును. అడుగుట న్యాయమే. అయితే మన సండేస్కూలులో వచనములు నేర్చుకొని, హాస్టళ్లలో చదువుకొని పైకివచ్చిన పిల్లలు నేడు హైదరాబాదులోను, బెంగుళూరులోను, అమెరికాలోను, సింగపూరులోను కంపెనీ ఉద్యోగములు చేయుచున్నారు. ఆ కంపెనీలు వారిని వ్యాపార సభలకు పంపుచుండును. విమానపు టిక్కెట్టు, గది అద్దె, భోజనపు ఖర్చు అంతయు కంపెనీదే. ఇట్టి సభలలో అనేకము జూదశాలలుగల పెద్ద హోటళ్లలోనే జరుగుచున్నవి.

అమెరికాలోని నెవాడా రాష్ట్రము 1931లో జూదమును చట్టసమ్మతము చేసెను. ఆ రాష్ట్రములోని లాస్ వేగాస్ పట్టణము నేడు జూదమునకు మాత్రమే గాక పెద్ద వ్యాపార సభలకును పేరుపొందినది. సింగపూరులో 2010లో తెరువబడిన మెరీనా బే శాండ్స్ అను కట్టడములో సభామందిరములు, హోటలు, జూదశాల మూడును ఒక్కచోటనే యున్నవి. మన దేశములో గోవాయందు పణజి యొద్ద మాండోవి నదిలో నిలిపిన ఓడలమీద జూదశాలలు నడచుచున్నవి. కాబట్టి మన పిల్లవాడు జూదమును వెదకుకొని పోనక్కరలేదు. ఆఫీసు పనియే అతనిని దాని గుమ్మములో దింపును. గదికి పోవు దారియే కొన్ని హోటళ్లలో జూదపు బల్లల మధ్యగా ఉండును. అక్కడ అతనికి ఒక కానుక ఎదురగును. ఈ నెల మనము ధ్యానించునది ఆ కానుకను గూర్చియే.

1. ఆ కానుక ఎట్టిది?

జూదశాలవారు ఆడువారికి ఉచితముగా ఇచ్చు గది, భోజనము, పానీయము, నాటకపు టిక్కెట్టు మొదలగువాటిని ఆంగ్లములో ‘కాంప్’ అందురు. కాంప్లిమెంటరీ అను మాటకు అది పొట్టిపేరు. మొదట వారు ఒక కార్డు ఇత్తురు. దానికి రుసుము లేదు. పేరు, విలాసము వ్రాయించుకొని చేతికిత్తురు. ఆడువాడు ఆ కార్డును యంత్రములో పెట్టినయెడల అతడు ఒడ్డిన ప్రతి పైసయు లెక్కకెక్కును. బల్లయొద్ద ఆడినయెడల, ఎంత పందెము కాయుచున్నాడు, ఎన్ని గంటలు కూర్చుండెను అని అక్కడి ఉద్యోగి వ్రాసికొనును. ఆ లెక్కనుబట్టి భోజనపు బిల్లు కొట్టివేయబడును. మరి ఎక్కువ ఆడినయెడల గది అద్దెయు కొట్టివేయబడును. పెద్ద పందెములు కాయువారికి ఒక ప్రత్యేకమైన మనిషినే పెట్టుదురు. అతడు పేరుపెట్టి పలుకరించును, ఇంటివారి కుశలమడుగును, మరల ఎప్పుడు వచ్చెదరని తరువాత ఉత్తరము పంపును.

ఇది స్నేహము కాదు, లెక్క. దానిని మనము ఒక్క ఉదాహరణతో తెలిసికొందము. అమెరికాలో ఆడు రూలెట్ అను చక్రములో 38 గళ్లు ఉండును: ఒకటి మొదలు 36 వరకు అంకెలు, ఒక సున్న, ఒక జంట సున్న. ఒక అంకెమీద ఒక డాలరు కాచి గెలిచినవానికి 35 డాలర్లు లాభము ఇత్తురు. ఒకడు 38 గళ్లమీదను ఒక్కొక్క డాలరు కాచెననుకొనుడి. అతడు వేసినది 38; తప్పక గెలిచిన ఆ ఒక్క గడివలన అతని చేతికి తిరిగి వచ్చునది 36. రెండు డాలర్లు ఇంటివానివి. అనగా నూటికి 5 డాలర్లకు పైగా, సరిగా చెప్పినయెడల 5.26, ఎల్లప్పుడును జూదశాలకే మిగులును. ఒక్క రాత్రి ఒకడు గెలువవచ్చును. అనేక రాత్రులు గడచినమీదట ఈ లెక్క తప్పదు.

ఇప్పుడు మన పిల్లవాడు 10 డాలర్ల చొప్పున, గంటకు 40 మారులు, నాలుగు గంటలు ఆడెననుకొందము. అతడు మొత్తము ఒడ్డినది 1,600 డాలర్లు. అందులో సగటున జూదశాలకు మిగులునది సుమారు 84 డాలర్లు. అందులో నాలుగవ వంతు మర్యాదగా తిరిగి ఇత్తురనుకొన్నను, 21 డాలర్ల భోజనము పెట్టుదురు. ‘నాకు ఉచితముగా భోజనము పెట్టిరి’ అని అతడు సంతోషించును. చూడుడి, 84 డాలర్లు ఇచ్చి 21 డాలర్ల భోజనము కొనుక్కొన్నవాడు ఆ మాట అనుచున్నాడు! ఆ రాత్రి అతడు గెలిచినను ఓడినను జూదశాలకు చింతలేదు. అతడు నిజముగా ఎంత పోగొట్టుకొనెనో చూచి గాక, అతని ఆటనుబట్టి ఎంత పోగొట్టుకొనవలెనో ముందుగా లెక్కించియే వారు ఆ పళ్లెమును వడ్డింతురు.

అధిపతి బల్లయొద్ద కూర్చుండినప్పుడు ఎదుట నున్నదానిని బాగుగా యోచించుమనియు, అతని రుచిగల పదార్థములు మోసము చేయునవి గనుక ఆశింపవద్దనియు సామెతలు 23వ అధ్యాయము హెచ్చరించుచున్నది. అందు ఆహారము చెడ్డదని లేదు. పెట్టువాని ఉద్దేశము తెలిసికొనుమని యున్నది.

2. ఇద్దరు సేవకులు

జూదము తగదని మన సంఘములో చిన్నపిల్లలకును తెలియును. అయితే ఈ కానుకలో రెండవ ప్రశ్న ఒకటి దాగియున్నది. మన పిల్లవాడు అక్కడికి తన డబ్బుతో, తన పనిమీద పోలేదు. యజమానుని డబ్బుతో, యజమానుని పనిమీద పోయెను. అట్టి ప్రయాణములో వచ్చిన లాభము ఎవరిది? దీనికి లేఖనములలో ఇద్దరు సేవకులు మనకు బోధకులైయున్నారు.

మొదటివాడు అబ్రాహాము ఇంటి పెద్ద దాసుడు. ఇస్సాకునకు పెండ్లికుమార్తెను తెచ్చుటకు యజమానుడు అతనిని దూరదేశమునకు పంపెను. యజమానుని పది ఒంటెలు, విలువగల వస్తువులు అతని చేతిలో ఉండెను. లెక్క అడుగువాడు వెంట లేడు. అతడు నాహోరు పట్టణపు బావియొద్ద మొదట ప్రార్థన చేసెను. లాబాను ఇంటిలో భోజనము పెట్టినప్పుడు, తాను వచ్చిన పని చెప్పకమునుపు తిననని నిలిచెను. పని చెప్పి, అది కుదిరిన తరువాతనే తిని త్రాగెను. గనుక మర్యాదగా పెట్టిన భోజనము తినుట తప్పు కాదని తెలియుచున్నది. మరునాడు పిల్లను పది దినములైనను ఉండనిమ్మని వారు అడిగినప్పుడు, తన్ను ఆలస్యము చేయవద్దని వేడుకొనెను. చివరకు తిరిగి వచ్చి, తాను చేసిన సంగతులన్నియు ఇస్సాకునకు వివరముగా చెప్పెను (24:66).

రెండవవాడు ఎలీషా దాసుడైన గేహజీ. నయమాను కుష్ఠము బాగుపడి, కానుక తీసికొనుమని ఎలీషాను బలవంతము చేసెను. ప్రవక్త ఒప్పుకొనలేదు. దేవుని కృపకు వెల కట్టబడకూడదు గదా! గేహజీకి మాత్రము అంత ధనము ఊరక తిరిగిపోవుచున్నదే అని బాధ కలిగెను. రథము వెనుక పరుగెత్తెను. తన పేరట అడుగలేదు. ప్రవక్తల శిష్యులు ఇద్దరు వచ్చిరని కల్పించి యజమానుని పేరట అడిగెను. రెండు మణుగుల వెండియు రెండు జతల బట్టలును తెచ్చి ఇంటిలో దాచెను. తరువాత వచ్చి యజమానుని ఎదుట ఏమియు జరుగనట్లు నిలిచెను. ఎక్కడనుండి వచ్చితివని అడుగగా, ఎక్కడికిని పోలేదనెను. నయమానును విడిచిన కుష్ఠము గేహజీని అంటుకొనెను.

నయమాను ఇచ్చినది దొంగసొత్తు కాదు. సంతోషముతోనే ఇచ్చెను. ఇచ్చువాడు ఇష్టపడి ఇచ్చెను గనుక తప్పు లేదని గేహజీ తనకు తాను చెప్పుకొనియుండవచ్చును. అయినను అది పాపమాయెను. ఏలయనగా ఆ కానుక యజమానుని పేరుమీద వచ్చినది, యజమానునికి చెప్పబడలేదు. ఒక సేవకుడు అన్నియు చెప్పెను. ఒక సేవకుడు ఎక్కడికిని పోలేదనెను. ప్రియులారా, ఈ పాఠమంతయు ఈ రెండు మాటల మధ్యనే యున్నది. ప్రయాణములో వచ్చినదానిని తిరిగి వచ్చి యజమానునితో చెప్పగలవా? చెప్పలేనిది తీసికొనవద్దు.

3. నేటి ప్రయాణములో దీనిని ఎట్లు వర్తింపజేసికొనవలెను?

మొదటిది, బిల్లు సంగతి. ఒకడు తన కార్డుతో గది తీసికొనెను. గది ఏర్పాటైనప్పుడు పూర్తి అద్దెతో ఒక కాగితము వచ్చెను. అతడు రాత్రులు జూదమాడుటచేత చివరిదినమున హోటలువారు అద్దె కొట్టివేసి, సున్న చూపు బిల్లు ఇచ్చిరి. అతడు మొదటి కాగితమునే కంపెనీకి పంపి సొమ్ము రాబట్టెను. ‘నేను పోగొట్టుకొన్న డబ్బుకు ఇది బదులు’ అని సమర్థించుకొనవచ్చును. అది దొంగతనమే. వెళ్లని ఊరికి టి.ఏ. బిల్లు వ్రాసినవానికిని ఇతనికిని భేదము లేదు. పైగా అతని జూదపు నష్టమును యజమానుడు తెలియకయే భరించినట్లాయెను. దాసులు యజమానుల సొత్తు అపహరింపక సంపూర్ణమైన నమ్మకము కనుపరచవలెనని పౌలు తీతుకు వ్రాసెను (తీతు 2:10). ఆలాగున దేవుని ఉపదేశమునకు అలంకారము కలుగునని అక్కడనే చెప్పెను. ఒక బిల్లుకాగితము దేవుని ఉపదేశమునకు అలంకారమో అవమానమో కాగలదు.

రెండవది, బత్తెము సంగతి. కొన్ని కంపెనీలు దినమునకు ఇంత అని బత్తెము ఇచ్చును, మిగిలినది ఉద్యోగస్థునిదే. కొన్ని కంపెనీలు నిజముగా అయిన ఖర్చు మాత్రమే ఇచ్చును. మొదటి పద్ధతిలో, సభవారు మధ్యాహ్నభోజనము పెట్టగా మిగిలిన బత్తెము ఉంచుకొనుటకు నియమము ఒప్పుకొనినయెడల దోషము లేదు. రెండవ పద్ధతిలో తినని భోజనమునకు బిల్లు వేయుట అబద్ధము. కనుక బయలుదేరకమునుపే నియమమును అడిగి తెలిసికొనవలెను. తెలిసికొనకుండుటయే లాభమనుకొనువాడు అప్పటికే గేహజీ దారిలో ఒక అడుగు వేసెను.

మూడవది, బసచేసినందుకు వచ్చు పాయింట్ల సంగతి. జూదమాడకపోయినను, హోటలులో ఉండినందుకును విమానమెక్కినందుకును కొన్ని సంస్థలు పాయింట్లు ఇచ్చును. ఇవి ఎవరివి? అమెరికా కేంద్రప్రభుత్వ ఉద్యోగి ప్రభుత్వపు పనిమీద ఎగిరి సంపాదించిన విమానపు పాయింట్లు 2001 వరకు ప్రభుత్వపు సొత్తుగా ఎంచబడెను. 2001 డిసెంబరులో చేసిన చట్టము వాటిని ఉద్యోగియే ఉంచుకొనవచ్చునని చెప్పెను. మన భారత ప్రభుత్వ ఆర్థికశాఖయైతే, అధికార ప్రయాణములవలన వచ్చిన పాయింట్లను తిరిగి అధికార ప్రయాణములకే వాడవలెనని 2009లో ఉత్తర్వు ఇచ్చెను. చూచితిరా! పాయింట్లు ఒక్కటే. ఒకచోట యజమానునివి, ఒకచోట సేవకునివి. భేదము వస్తువులో లేదు, యజమానుని సెలవులో నున్నది. యజమానుడు ఉంచుకొనుమన్నయెడల కృతజ్ఞతతో ఉంచుకొనవచ్చును. అడుగక ఉంచుకొనుట మాత్రము తగదు.

నాలుగవది, కన్నుల సంగతి. కానుక జ్ఞానుల కన్నులకు గ్రుడ్డితనము కలుగజేయునని మోషే ధర్మశాస్త్రము చెప్పుచున్నది (ద్వితీయోపదేశకాండము 16:19). తక్కువ అద్దెకు మంచి బస యున్నను, తన కార్డుకు పాయింట్లు వచ్చునని ఎక్కువ అద్దెగల హోటలునే కోరుకొనువాడు యజమానుని సొమ్ముతో తనకు కానుక కొనుక్కొనుచున్నాడు. అమ్మకపుదారు అతనిని జూదశాల విందునకు పిలిచినయెడల సంగతి మరింత కఠినము. రేపు ఆ అమ్మకపుదారు సరకు మంచిదో కాదో తీర్పు చెప్పవలసినవాడు ఇతడే గదా!

అయిదవది, కాలము సంగతి. రాత్రి రెండు గంటలవరకు బల్లయొద్ద కూర్చుండినవాడు ఉదయపు సభలో తూలుచుండును. కంపెనీ పంపినది అతని శరీరమును మాత్రమే కాదు, మెలకువగల మనస్సును. పది దినములు ఆగుమన్నను ఆగని ఆ దాసుని ఇక్కడ జ్ఞాపకము చేసికొనవలెను.

4. అట్టి చోట విశ్వాసి ఏమి చేయవలెను?

దానియేలు బబులోనును తప్పించుకొని పోలేదు. రాజు పాఠశాలలో చదివెను, రాజు కొలువులో నిలిచెను. అయితే రాజు భోజనముచేత తన్ను అపవిత్రపరచుకొనకూడదని ముందుగానే నిశ్చయించుకొని, అధికారితో మర్యాదగా మాటలాడెను (దానియేలు 1:8). మన పిల్లలకు ఇదియే మాదిరి. పళ్లెము ఎదుట నిలిచిన తరువాత నిశ్చయించుకొనుట కష్టము. ప్రయాణమునకు ముందు నిశ్చయించుకొనుట సులువు.

కాబట్టి వారికి ఈ సలహాలు చెప్పవచ్చును. జూదశాల కార్డు ఇచ్చినప్పుడు వందనములు చెప్పి వద్దనవలెను. కార్డు లేకపోయినను గది ఇత్తురు. జూదశాల లేని బస దగ్గరలో నున్నయెడల, యజమానుని సెలవుతో అక్కడ దిగవలెను. తుది బిల్లునే కంపెనీకి పంపవలెను. ఏదైనను కానుకగా వచ్చినయెడల, అది చిన్నదైనను, తిరిగి వచ్చిన వారములో పైఅధికారికి ఒక వాక్యము వ్రాయవలెను. సాయంకాలము ఒంటరిగా నుండు గంటలే శోధన గంటలు గనుక, ఆ వేళ ఇంటికి ఫోను చేసి కుటుంబప్రార్థనలో దూరమునుండియైనను కలిసికొనవలెను. ఇప్పటికే ఆడి చిక్కుకొన్నవాడు నష్టమును తిరిగి రాబట్టుకొనుటకు మరల ఆడవద్దు. నమ్మకమైన పెద్దతో చెప్పి, చేయి పట్టుకొని బయటికి రావలెను.

5. మన ఊరిలోని ఉచితములు

ఈ పాఠము దూరదేశమునకు మాత్రమే అని తలంపకుడి. సొసైటీ తరపున ఎరువులు కొనుటకు టౌనుకు పోయినవానికి కొట్టువాడు ఇచ్చిన సంచి, చేతికిచ్చిన నోటు ఎవరివి? ఆసుపత్రికి తీసికొనిపోయిన బీదవిధవ మందుల బిల్లులో తగ్గించిన సొమ్ము ఎవరిది? సంఘపు కానుకలతో మహాసభకు పోయిన పెద్ద, అక్కడ భోజనమును బసయు ఉచితముగా దొరికిన తరువాత, మిగిలిన డబ్బు సంఘపు పుస్తకములో వ్రాయించెనా? గేహజీకి రథము దొరికినది. మనకు ఆర్టీసీ బస్సు దొరికినది. పరీక్ష ఒక్కటే.

ఎరయు మనకు కొత్త కాదు. సెల్‌ఫోనులో పేకాట ఆడువారిని రప్పించుటకు మొదట ఉచితముగా బోనస్ ఇచ్చుట మన పల్లెలవరకు వచ్చెను. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైన్ జూదమును నిషేధించుచు చట్టములు సవరించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని ఒక నిషేధచట్టము చేసెను. చట్టము ద్వారమును మూయగలదు గాని ఆశను మూయలేదు. ఉచితమని పిలిచినప్పుడు ‘నీ లెక్క ఏమిటి?’ అని అడుగు బుద్ధిని ఇంటిలోనే నేర్పవలెను.

తలిదండ్రులారా, మీ కుమారుడు గాని కుమార్తె గాని సభనుండి వచ్చి, పెద్ద హోటలులో అంతయు ఊరకనే పెట్టిరని చెప్పినప్పుడు, ‘ఎంత అదృష్టము!’ అని ఊరకుండకుడి. ఎవరు పెట్టిరి, ఏల పెట్టిరి, మీ దొరలకు తెలియునా అని ప్రేమతో అడుగుడి. ఎలీషా అడిగినది అటువంటి ప్రశ్నయే. నిజము చెప్పుటకు గేహజీకి దొరికిన సమయము అదియే. మీ ప్రశ్న మీ బిడ్డకు అట్టి సమయము కావచ్చును.

ఇతరుల సొమ్ములో నమ్మకముగా నుండనివానికి తన సొంతమైనది ఎవరిత్తురని ప్రభువు లూకా 16:12లో అడుగుచున్నాడు. కంపెనీ సొమ్ము ఇతరులదే. సంఘపు సొమ్ము ఇతరులదే. నిదానించి చూచినయెడల మన ప్రాణమును ఇతరునిదే, ఏలయనగా క్రీస్తు దానిని విలువపెట్టి కొనెను. ఆయన మనకిచ్చిన రక్షణ ఒక్కటే నిజముగా ఉచితము. దాని వెల మననుండి రాబట్టుటకు ఆయన ఏ లెక్కయు వ్రాసికొనలేదు. అట్టి కృపను పొందినవారు వేరొకరి ఎరపళ్లెమునకు చేయి చాపనేల?

ఆలోచించుటకు ప్రశ్నలు

1. అబ్రాహాము దాసుడు భోజనమునకు ముందు పని ఏల చెప్పెను?
2. నయమాను ఇష్టముతో ఇచ్చినను గేహజీ తీసికొనుట ఏల పాపమాయెను?
3. ఈ సంవత్సరములో ఇతరుల పనిమీద పోయినప్పుడు మనకు వచ్చిన లాభమేదైనను చెప్పక మిగిలియున్నదా?
4. దూరమున ఉద్యోగము చేయు మన సంఘపు బిడ్డలలో ఎవరికి ఈ నెల ఉత్తరము వ్రాయుదుము, లేక ఫోను చేయుదుము?

ప్రార్థన

మా తండ్రీ, మమ్మును చూచువారు లేనిచోట నీవు చూచుచున్నావు. పరుల సొమ్ముతో పరదేశమునకు పోవు మా బిడ్డలకు తోడైయుండుము. చెప్పలేనిదానిని తీసికొనకుండ వారి చేతులను, మా చేతులను కాపాడుము. తిరిగి వచ్చి అన్నియు చెప్పగల నమ్మకమైన దాసులుగా మమ్మును చేయుము. యేసు నామమున వేడుకొనుచున్నాము. ఆమేన్.